జార్జ్ తిల్‌తో మొదలుపెట్టాలా, ఇంకెవరితోనైనానా? పాతతరం ఫ్రెంచ్ టెనర్లను వినాలనుకునేవాళ్లకి ఒక పోలిక

మీకు ఈ పూట ఐదు నిమిషాలే తీరిక ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టేసి జార్జ్ తిల్ 1931లో పాడిన ‘పుర్క్వా మ రెవెయ్యే’ వినండి. వెతికేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. ఇంగ్లిష్ అక్షరాల్లో జార్జ్ చివర ‘ఎస్’ ఉంటుంది. తిల్‌లో ‘టి’ పక్కన ‘హెచ్’, చివర రెండు ‘ఎల్’లు. పాట ఫ్రెంచ్ సంగీతకర్త మాస్నే రాసిన ‘వెర్తెర్’ ఒపెరాలోది. అది మీ మనసుకు పట్టిందా, ఇక దారి దొరికినట్టే. పట్టకపోయినా ఫర్వాలేదు. ఫ్రెంచ్ టెనర్లలో, అంటే పైస్థాయిలో పాడే మగ గాయకుల్లో, నాకు బాగా ఇష్టమైనవాళ్లు ఇంకో ముగ్గురున్నారు. ఎవరి గొంతు వాళ్లది, ఎవరి పద్ధతి వాళ్లది. మీ చెవికి ఎవరు నప్పుతారో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మనలో చాలామంది ఒపెరా దగ్గరికి ఇటాలియన్ల దారిలోనే వస్తాం. 1990 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పుణ్యమా అని పవరోట్టి గొంతు లోకమంతా తిరిగింది. నేనూ అలాగే వచ్చాను. ఆ దారిలో వచ్చినవాళ్లకి ఒక అలవాటు పడిపోతుంది. పాట మొదలవగానే పైస్థాయి స్వరం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటాం. అది రాగానే ఒళ్లు పులకరిస్తుంది, మిగతాదంతా దానికి దారిలా అనిపిస్తుంది. ఆ చెవితోనే ఫ్రెంచ్ పాట వింటే సగం చేజారిపోతుంది. మొదటి ఆరు నెలలు నాకు సరిగ్గా అదే జరిగింది. “బాగానే పాడుతున్నాడు, కానీ ఏదో తక్కువైంది” అనుకునేవాణ్ని. తక్కువైంది నా చెవిలోనే. ఫ్రెంచ్ గాయకుడు స్వరాన్ని ఎంత చూసుకుంటాడో మాటని అంతకంటే ఎక్కువ చూసుకుంటాడు. మన పద్యనాటకాల్లో రాగం ఎంతసేపు సాగదీసినా, పద్యంలో ప్రతి అక్షరం వెనక వరసలో కూర్చున్నవాడికి తెలియాలని పెద్దవాళ్లు పట్టుబట్టేవాళ్లు కదా, అలాంటి పట్టుదల ఇది.

ఇక్కడ తెలుగువాళ్లకి కలిసొచ్చే విషయం ఒకటుంది. మామూలుగా మాట్లాడే ఫ్రెంచ్‌లో చాలా మాటల చివర ‘ఇ’ (e) అక్షరం రాతలో ఉంటుంది కానీ నోట్లో పలకదు. పాటలో మాత్రం దానికి స్వరం కట్టి మెత్తగా పలుకుతారు. అంటే హల్లుతో తెగిపోవాల్సిన మాట, పాటలోకి వచ్చేసరికి అచ్చుతో ముగుస్తుంది. అచ్చుతో ముగిసే మాటలకి అలవాటుపడిన మన చెవికి అది ఎంత హాయిగా ఉంటుందో వింటేనే తెలుస్తుంది. ఇంకోటి, పారిస్ వీధుల్లో వినిపించే గొంతులోపలి ‘ర’ ఈ పాతకాలపు పాటల్లో ఉండదు. నాలుక కొసన ఆడే ‘ర’, అచ్చంగా మన ‘ర’ ఉంటుంది. భాష రాకపోయినా మాటల ఆకారం మనకి పట్టుబడుతుంది.

నలుగురిలోకి వెళ్లే ముందు పాత కథ ఒకటి చెప్పాలి. ఎంపిక మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

1830లలో పారిస్ ఒపెరాకి అడోల్ఫ్ నూరీ ప్రధాన టెనర్. రొస్సీని ‘గియోమ్ టెల్’లో ఆర్నోల్డ్ పాత్ర, అలెవీ ‘లా జువీవ్’లో ఎలెయాజార్ పాత్ర మొదటిసారి పోషించింది ఆయనే. పైస్థాయి స్వరాల్ని ఆయన బలంగా అరిచి పాడేవాడు కాదు. తలలో మోగే గొంతుని, ఛాతీలో మోగే గొంతుని కలిపి నేర్పుగా తేలిగ్గా ఎక్కించేవాడు. దీన్నే ఫ్రెంచ్‌వాళ్లు ‘వ్వా మిక్స్‌త్’ అంటారు, మిశ్రమ గొంతు అన్నమాట. మన సంగీతంవాళ్లు దొంగగొంతు అనేదానికి ఇది దగ్గర చుట్టం, కానీ అది కాదు. దీనిలో పలుచదనం ఉన్నా అసలు గొంతు రంగు పోదు. 1837లో ఇటలీ నుంచి జిల్‌బేర్ దుప్రే వచ్చాడు. అదే ఆర్నోల్డ్ పాత్రలో హై సి అనే, టెనర్లకి చాలా పైనుండే స్వరాన్ని నిండు ఛాతీ గొంతుతో కొట్టాడు. జనం ఊగిపోయారు. రొస్సీనికి మాత్రం అది గొంతు కోస్తున్న కోడిపుంజు అరుపులా అనిపించిందట. నూరీ పారిస్ వదిలేసి, ఆ కొత్త పద్ధతి నేర్చుకోవాలని ఇటలీ వెళ్లాడు. మనసు చెదిరి, 1839లో నేపుల్స్‌లో భవనం పైనుంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. ఒక స్వరం వెనక ఇంత విషాదం ఉందని తెలిశాక ఆ స్వరాన్ని వినే తీరే మారిపోయింది నాకు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫ్రెంచ్ టెనర్‌లోనూ ఈ ఇద్దరూ ఉన్నారు. ఎవరిలో ఎవరి పాలు ఎంత అన్నదే తేడా. మీకు నిండుగా, గుండెల మీద తట్టే గొంతు ఇష్టమైతే సెజార్ వెజ్జాని ఉన్నాడు. సన్నగా, చెవిలో చెప్పినట్టు ఉండే పాట ఇష్టమైతే ఎడ్మోన్ క్లెమాన్, అలాన్ వాంజో ఉన్నారు. రెండూ ఒకే మనిషిలో కావాలంటే తిల్ దగ్గరికే రావాలి.

జార్జ్ తిల్

1897లో పారిస్‌లో పుట్టాడు. పారిస్ కన్సర్వేటరీలో చదివి, అది చాలదనుకుని నేపుల్స్ వెళ్లి ఫెర్నాండో దె లూచియా దగ్గర నేర్చుకున్నాడు. దె లూచియా గొప్ప ఇటాలియన్ టెనర్, పాత పద్ధతి మనిషి. స్వరాన్ని నలిపి, మెత్తగా చేసి, ఊపిరి మీద నిలబెట్టడం తెలిసినవాడు. పారిస్‌లో నేర్చిన ఉచ్చారణ, నేపుల్స్‌లో నేర్చిన ఊపిరి, ఈ రెండింటి పొత్తే తిల్ గొంతు. 1924లో పారిస్ ఒపెరాలో ‘తాయిస్’తో అడుగుపెట్టాడు. 1928లో పుచ్చీని ‘తురాందో’ పారిస్‌కి వచ్చినప్పుడు అందులో నాయకుడు కలాఫ్ ఆయనే. తర్వాత వెరోనా, మిలాన్, లండన్, బ్యూనస్ ఎయిరిస్ తిరిగాడు, 1931లో న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో రోమియోగా పాడాడు. 1953లో పారిస్‌లోని ఒపెరా కోమిక్ థియేటర్‌లో ‘పాల్యాచ్చీ’తో వేదికకి సెలవు చెప్పాడు. 1984లో పోయాడు.

ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరికే వివరాలే. వినాల్సింది మాత్రం ఆ 1931 వెర్తెర్.

వెర్తెర్ కథ గోథే నవల నుంచి తీసుకున్నది. ఒపెరా 1892లో వియన్నాలో జర్మన్ భాషలో మొదట ఆడింది, మరుసటి ఏడాది పారిస్ చేరింది. మూడో అంకం క్రిస్మస్ ముందు రోజు. షార్లొట్ అప్పటికే ఇంకొకరి భార్య. వెర్తెర్ రాసిన ఉత్తరాలు ఒంటరిగా మళ్లీ మళ్లీ చదువుకుంటూ ఉంటుంది. అంతలో గుమ్మంలో అతనే. ఇద్దరూ ఏవేవో మామూలు మాటలు మాట్లాడుకుంటారు. వస్తువులన్నీ ఉన్నచోటే ఉన్నాయి, పుస్తకాలు అలాగే ఉన్నాయి అనుకుంటారు. ఒకప్పుడు అతను తర్జుమా చేయడం మొదలుపెట్టిన, ఓసియన్ అనే పాతకాలపు కవి పేరు మీద ఉన్న పద్యాలు ఇవిగో అని ఆమె గుర్తుచేస్తుంది. అతను తీసుకుని చదువుతాడు. ఆ చదవడమే ఈ పాట. “వసంతపు గాలీ, నన్నెందుకు లేపుతావు? నా నుదుటి మీద నీ లాలన తెలుస్తూనే ఉంది, కానీ తుఫానుల కాలం, దుఃఖాల కాలం దగ్గరికొచ్చేసింది” అని మొదటి చరణం అర్థం.

ముందు హార్ప్ తీగలు అలలా లేస్తాయి. తిల్ ‘పుర్క్వా’ అనే మాట ఎత్తుకోవడం చూడండి. ఏడుపు లేదు, వణుకు లేదు, అడుగుతున్నట్టుగా ఉంటుంది. ఎదురుగా కాగితం ఉంది, అతను చదువుతున్నాడు, అంతే. ‘కారెస్స’, ‘త్రిస్తెస్స’ అనే రెండు మాటలు ప్రాసలో వస్తాయి. మొదటిది లాలన, రెండోది దుఃఖం. చివర పలకని అక్షరాన్ని ఆయన రెండుచోట్లా పలుకుతాడు, రెండింటికీ బరువు మాత్రం ఒకటి కాదు. తర్వాత అదే ‘పుర్క్వా మ రెవెయ్యే’ పైస్థాయికి ఎక్కుతుంది. అక్కడ ఇంకొక గాయకుడైతే చదవడం మానేసి అరియా (ఒపెరాలో ఒక్కరే పాడే పాట) పాడటం మొదలుపెడతాడు. తిల్ గొంతు విప్పుతాడు, ఇత్తడి గంటలా మోగుతుంది, అయినా అది ఇంకా ప్రశ్నలాగే ఉంటుంది. రెండో చరణం అదే వరస. రేపు లోయలోకి ఒక బాటసారి వస్తాడు, నా పూర్వవైభవం గుర్తుచేసుకుని కళ్లతో వెతుకుతాడు, దొరకదు, అని. వరస మారకపోయినా మనిషి మారిపోయాడని తెలుస్తుంది. మొదటి చరణంలో పద్యం చదివిన మనిషి, రెండో చరణంలో తన గురించి చెప్పుకుంటున్నాడు. ఈ తేడా నాకు పదోసారో పన్నెండోసారో విన్నప్పుడు తెలిసింది. తెలిశాక చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ఇది పూర్తి ఒపెరా రికార్డింగ్ లోని ముక్క. ఒపెరా కోమిక్ వాద్యబృందం, ఎలీ కోయెన్ నిర్వహణ, షార్లొట్‌గా నినోన్ వాలాన్. షార్లొట్ పాత్ర మెట్సో గొంతుకి, అంటే కాస్త కింది స్థాయి ఆడగొంతుకి రాసింది, వాలాన్ది పైస్థాయి సోప్రానో గొంతు. అయినా ఆమె మాటల్ని పట్టుకునే తీరు ముందు ఆ లెక్కలు గుర్తురావు. ఆ రోజుల్లో ఒపెరా మొత్తం రికార్డు చేయడమంటే నాలుగున్నర నిమిషాలకి మించని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని ఒక్కో మైనపు పళ్లెం మీదికి నేరుగా ఎక్కించడం. తప్పు దొర్లితే అతుకు వేసే వీలు లేదు, ఆ ముక్క మొదటి నుంచి పాడాల్సిందే. ఇన్నిసార్లు ఆగి, ఇన్నిసార్లు మళ్లీ ఎత్తుకున్నా, కథలో వేడి ఎక్కడా చల్లారలేదు. వెర్తెర్‌కి ఇప్పటిదాకా ఎన్ని రికార్డింగులు వచ్చినా దీన్ని ముందు పెట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. నాదీ అదే మాట.

తిల్ దగ్గర దొరకనిది ఏమిటంటే, కరిగిపోయే తీపి. ఆయన గొంతు ఎండలా సూటిగా ఉంటుంది. నిద్రపోయే ముందు పెట్టుకునే పాట కాదు. కొన్ని అరియాలు విన్నప్పుడు, ఇక్కడ ఇంకాస్త గొంతు దించితే బాగుండు అని నాకే అనిపిస్తుంది. ఇంకో సలహా, మొదట్లో ఆయన 1930ల తొలి సంవత్సరాల రికార్డింగులే ఎంచుకోండి. గొంతు నిగారింపు అప్పుడే నిండుగా ఉంది. వాగ్నర్‌ని ఆయన ఫ్రెంచ్‌లో పాడినవి కూడా ఉన్నాయి, ‘లోఎన్‌గ్రిన్’, ‘పార్సిఫాల్’ లాంటివి. జర్మన్‌లో విని వాగ్నర్ అంటే జంకేవాళ్లకి అవి మంచి మందు. మాట నునుపెక్కి, ఇనుము వెండిగా మారినట్టు ఉంటుంది.

సెజార్ వెజ్జాని

కోర్సికా ద్వీపంలోని బాస్తియాలో 1888లో పుట్టాడు. 1911లో ఒపెరా కోమిక్‌లో మొదలుపెట్టినా, తర్వాతి జీవితం ఎక్కువగా పారిస్ బయటి ఊళ్ల థియేటర్లలోనే గడిచింది. 1951లో మార్సెయిల్లో పోయాడు. దుప్రే వారసత్వం కావాలనుకునేవాళ్లకి ఈయనే సరైనవాడు. గొంతు ముదురు రంగు, ఉక్కులాంటి బలం, పైకి వెళ్లేకొద్దీ సన్నబడదు.

ఈయనని వినడానికి 1930లో ఆంరీ బ్యూసేర్ నిర్వహణలో వచ్చిన గూనో ‘ఫౌస్ట్’ పూర్తి రికార్డింగ్ తీసుకోండి. అందులో మెఫిస్తో అనే సైతాను పాత్ర మార్సెల్ జుర్నేది. అప్పటికి అరవై దాటిన మనిషి, గొంతులో మాత్రం ఆ వయసు వినిపించదు. నిజం చెప్పాలంటే ఆ రికార్డింగ్‌కి నేను జుర్నే కోసం వెళ్లి, వెజ్జాని కోసం మళ్లీ వెళ్లాను.

ఫౌస్ట్‌లో ‘సాల్యూ దెమ్యూర్’ అనే అరియా ఉంది. తను మనసుపడ్డ మార్గరీత్ ఇంటి ముందు నిలబడి ఫౌస్ట్ ఆ ఇంటికి నమస్కారం చెప్పే పాట. హై సి స్వరం ‘ప్రెజాన్స’ అనే మాట మీద వస్తుంది, అదీ ముక్కుతో పలికే అచ్చు మీద. ఆమె ఉనికి ఇక్కడ తెలుస్తోంది అనే అర్థంలో ఆ మాట వస్తుంది. ఒక గాయకుడి స్వభావం తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. వెజ్జాని పాడితే ఆ ఇంటి తలుపులు తెరుచుకుంటాయేమో అనిపించేంత బలం. తిల్ కూడా ఈ అరియా విడిగా రికార్డు చేశాడు, రెండూ పక్కపక్కన పెట్టి వినండి. వెజ్జానిలో కోరిక ఎక్కువ, తిల్‌లో వినయం ఎక్కువ. నాకు ఈ పాటకి వినయమే నప్పుతుందనిపిస్తుంది, కానీ వెజ్జాని తర్వాత వెంటనే తిల్‌ని వింటే కాసేపు చప్పగా ఉంటుంది. మధ్యలో కొంచెం వ్యవధి ఇవ్వండి.

ఎడ్మోన్ క్లెమాన్

ఈయన 1867 నాటి మనిషి. ‘మదామ్ బటర్‌ఫ్లై’ 1906లో మొదటిసారి పారిస్‌కి వచ్చినప్పుడు అందులో పింకర్టన్ పాత్ర ఈయనదే. క్లెమాన్ రికార్డులు మైక్రోఫోన్ రాకముందువి. ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి పాడితే ఆ గాలి ఊపుకే సూది కదిలి మైనం మీద గీత గీసేది. వాద్యాలు ఎక్కడో నూతిలో ఉన్నట్టుంటాయి, గరగర ఎక్కువ. కొత్తగా వినేవాళ్లకి మొదటి రోజే ఈయనని ఇవ్వను.

అయినా ఒక్క పాట గురించి చెప్పకుండా వెళ్లలేను. మాస్నే ‘మానోన్’లో ప్రియుడు దె గ్రియూ తనకొచ్చిన కలని మానోన్‌కి చెబుతాడు. కళ్లు మూసుకుంటే దూరంగా అడవిలో ఒక చిన్న తెల్లటి ఇల్లు కనిపిస్తోంది అని. క్లెమాన్ పాడితే ఇద్దరు మనుషులు ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. మూడో మనిషి వినకూడదన్నంత సన్నగా. ఇంత గరగర మధ్యలోంచి ఇంత చిన్న గొంతు శతాబ్దం దాటి ఎలా వచ్చిందా అనిపిస్తుంది. నూరీ పాట ఎలా ఉండేదో తెలిసే అవకాశం మనకి లేదు. ఆయన కాలానికి రికార్డులు లేవు. క్లెమాన్ వింటే ఆ మిశ్రమ గొంతు పద్ధతి ఎక్కణ్నుంచి వచ్చిందో కొంతైనా ఊహించుకోవచ్చు.

అలాన్ వాంజో

పాత రికార్డుల గరగర అస్సలు భరించలేనివాళ్లు ఉంటారు. మా ఇంట్లోనే ఉన్నారు. అలాంటివాళ్లు తిల్ దగ్గర ఆగకుండా నేరుగా వాంజో దగ్గరికి వెళ్లిపోవచ్చు. 1928లో మొనాకోలో పుట్టాడు, 2002లో పోయాడు. స్టీరియో కాలం వాడు కాబట్టి శబ్దం శుభ్రంగా ఉంటుంది.

1965లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ‘లుక్రేజియా బోర్జియా’ పాడి మాంత్సెరాత్ కబాయే ఒక్క రాత్రిలో ప్రపంచానికి తెలిసిపోయింది. ఆ రాత్రి ఆమె పక్కన టెనర్ వాంజో. పేరంతా ఆమెకి దక్కింది. ఈయన జీవితమే కొంత అలా గడిచింది. ఫ్రాన్స్‌లో ఎంతో ప్రేమించారు, బయట రావాల్సినంత పేరు రాలేదు. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

వాంజోని ఎంచుకుంటే మనకి ఇంకో లాభం ఉంది. ఆయన పూర్తిగా రికార్డు చేసిన ఒపెరాల్లో రెండింటి కథ మన వైపుది. బిజే తన ఇరవై నాలుగో ఏట, 1863లో రాసిన ‘లే పెషేర్ ద పెర్ల్’ సింహళంలో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ల కథ. నాదిర్, జుర్గా, లేలా అనే పాత్రలు బ్రహ్మని, శివుణ్ని తలుచుకుంటూ పాడతారు. దెలీబ్ 1883లో రాసిన ‘లాక్మే’ తెల్లదొరల కాలపు ఇండియాలో జరుగుతుంది. నీలకంఠుడనే పూజారి కూతురు లాక్మే, జెరాల్డ్ అనే ఇంగ్లిష్ ఆఫీసర్‌ని ప్రేమించి, చివరికి ఉమ్మెత్త తిని చనిపోతుంది. రెండూ పారిస్‌లో కూర్చుని ఊహించుకున్న తూర్పుదేశం. మన దేవుళ్ల పేర్లు, మన చెట్ల పేర్లు వాళ్ల నోట విచిత్రంగా వినిపిస్తాయి. దానికి నొచ్చుకునేవాళ్లుంటే అది న్యాయమే. సంగీతం మాత్రం నిజమైనది. లాక్మే 1967లో జోన్ సదర్లాండ్‌తో చేశాడు, ముత్యాల కథ 1977లో ఇలియానా కోత్రుబాష్‌తో, జార్జ్ ప్రెత్ర్ నిర్వహణలో.

నాదిర్ పాడే ‘జ క్ర్వా ఆంతాన్ద్ర్ ఆంకోర్’ కోసం ఈ రెండోది తీసుకోండి. తాటిచెట్ల మాటున దాక్కుని విన్న ఆమె గొంతు ఇంకా వినిపిస్తున్నట్టే ఉంది అని పాట. పడవ ఊగినట్టు మెల్లగా ఊగుతుంది. మొత్తం పాట పైస్థాయి అంచునే నడుస్తుంది, అయినా ఎక్కడా గొంతు పెంచకూడదు. జ్ఞాపకం కదా, గట్టిగా అంటే చెదిరిపోతుంది. మిశ్రమ గొంతు అంటే ఏమిటో నేను పైన ఎంత వివరించినా, వాంజో ఈ పాటలో పైకి ఎక్కి అక్కడే సన్నబడే ఒక్క క్షణం చెప్పినంత చెప్పలేను. ఈ ఒక్క పాట విషయంలో వాంజోనే తిల్ కంటే ముందు పెడతాను.

ఫ్రెంచ్‌వాళ్లు కానివాళ్ల సంగతి

నికొలాయ్ గెడ్డా స్వీడన్ మనిషి, ఫ్రెంచ్ మాత్రం స్వచ్ఛంగా పాడతాడు. 1958లో విక్టోరియా దె లోస్ ఆంహెలెస్‌తో చేసిన ఫౌస్ట్, స్టీరియోలో ఫౌస్ట్ కావాలనుకునేవాళ్లకి హాయిగా సరిపోతుంది. క్యుబెక్‌కి చెందిన లెయొపోల్ సిమొనో 1953లో తన భార్య పియెరెత్ అలారీతో కలిసి చేసిన ముత్యాల కథ ఇంకో మంచి ఎంపిక. ఆయన నాదిర్ చాలా సుకుమారం. స్పెయిన్‌కి చెందిన అల్ఫ్రేడో క్రౌస్ వెర్తెర్‌ని ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ పాటలో గాంభీర్యాన్ని నేనూ కాదనను. కానీ మాట కోసం వచ్చినవాళ్లు తిల్‌ని విన్నాక ఆయన దగ్గర ఎక్కువసేపు ఉండలేరు.

ఏ కాపీ తీసుకోవాలి

గాయకుణ్ని ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, పాత రికార్డుని ఇప్పటి కాలానికి ఎక్కించినవాళ్ల పనిని చూసుకోవడం అంత ముఖ్యం. నేను దీన్ని డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కింద తిల్ అరియాల సెట్ ఒకటి తెప్పించుకున్నాను. అట్ట మీద ‘గరగర పూర్తిగా తీసేశాం’ అని గర్వంగా రాసి ఉంది. నిజంగానే తీసేశారు. గరగరతో పాటు ‘స’కారాలు కూడా పోయాయి. ‘త్రిస్తెస్స’లో సగం మాటే మిగిలింది. ముక్కు అచ్చులన్నీ దుప్పటి కప్పుకుని పలికినట్టున్నాయి. నెలరోజులు తిల్ అంటే ఇదేనేమో అనుకుని, ఈయన గురించి ఎందుకింత గొప్పగా చెబుతారా అని అయోమయపడ్డాను. తర్వాత ఒక మిత్రుడి దగ్గర గరగర అలాగే వదిలేసిన కాపీ విన్నాను. మొదటి నిమిషం సూది రాపిడి వినిపించింది. రెండో నిమిషంలో అది వాన శబ్దంలా వెనక్కి వెళ్లిపోయింది, మనిషి ముందుకొచ్చి నిలబడ్డాడు.

కాబట్టి రెండు కాపీలుంటే, గరగర కాస్త ఉన్నదే తీసుకోండి. కొనేముందు ఒక నిమిషం శాంపిల్ వినే వీలుంటే ‘స’ ఉన్న మాటల మీద చెవి పెట్టండి. అవి పదునుగా ఉంటే కాపీ మంచిదే. ఇంకో చిక్కు వేగం. పాత పళ్లేలు కచ్చితంగా ఒకే వేగంతో తిరిగేవి కావు. ఎక్కించేటప్పుడు వేగం పెరిగితే శ్రుతి కూడా పెరిగి, టెనర్ గొంతు కీచుగా, కుర్రవాడిలా వినిపిస్తుంది. క్లెమాన్ లాంటి పాత రికార్డుల్లో ఈ బెడద ఎక్కువ. గొంతు మరీ పీలగా అనిపిస్తే గాయకుణ్ని తప్పుబట్టే ముందు అదే పాట ఇంకో కాపీ వినండి.

ఇయర్‌ఫోన్స్‌తో వింటే పాత రికార్డుల గరగర నేరుగా చెవిలో గుచ్చుకుంటుంది. వాంజోకి, గెడ్డాకి ఇయర్‌ఫోన్స్ బాగుంటాయి. తిల్‌ని, వెజ్జానిని, క్లెమాన్‌ని గదిలో చిన్న స్పీకర్ పెట్టుకుని, నాలుగడుగుల దూరంలో కూర్చుని వినండి. గది గాలి కొంత గరగరని తనలో కలిపేసుకుంటుంది.

అరియాల సెట్టా, పూర్తి ఒపెరానా అన్నది ఇంకో ప్రశ్న. వెజ్జానికి, క్లెమాన్‌కి విడి అరియాలతో మొదలుపెట్టినా నష్టం లేదు. తిల్ దగ్గర మాత్రం మొదటి వారం తర్వాత విడి పాటలు ఆపేసి, వెర్తెర్ మొత్తం తీసుకోండి. తెలుగులో కాకపోయినా ఇంగ్లిష్ అనువాదం దొరుకుతుంది, దాన్ని ఒడిలో పెట్టుకోండి. నేరుగా మూడో అంకానికి దూకాలనిపిస్తుంది, దూకకండి. మొదటి అంకంలో వెర్తెర్ ఆ ఇంటి ముంగిట నిలబడి ప్రకృతికి నమస్కారం చెబుతాడు. అప్పటికి అతనికి ఏ దుఃఖమూ లేదు, తిల్ గొంతులోనూ లేదు. తర్వాత వెన్నెల్లో అతనూ షార్లొట్టూ మాట్లాడుకుంటారు. వాలాన్ ఒక్కో మాట ఎలా జాగ్రత్తగా కింద పెడుతుందో, తిల్ దాన్ని ఎలా అందుకుంటాడో వినండి. ఇవన్నీ విన్నాక మూడో అంకంలో ఆ హార్ప్ తీగలు లేచినప్పుడు, మొదటి రోజు ఐదు నిమిషాల తీరికలో మీరు విన్న పాటే మళ్లీ వస్తుంది. అప్పుడు ఆ కాగితం చేతిలోకి తీసుకుంటున్న మనిషి ఎవరో మీకు తెలిసి ఉంటుంది.